చెట్టమ్మకు చెల్లించని మొక్కు

పదిహేనో కాలువ, ఓంగ్‌ఖరక్
జూన్ 3

బంగారు తల్లి తోయ్‌కి,

అమ్మమ్మ లమ్‌దువన్ రాస్తున్నది. ఫోన్లో నువ్వు మాట్లాడేది నాకు వినపడదు, నేను అరిచేది నీకు అర్థం కాదు. అందుకని నా నాలుగో తరగతి చదువుతోనే రాస్తున్నాను. తప్పులుంటే చదివేటప్పుడు నువ్వే దిద్దుకో.

ముందు ఇది చెప్పు, వేళకు తింటున్నావా? బ్యాంకాక్ నీళ్ళు నీకు పడతాయా? హాస్టల్ గదిలో ఫ్యాను నీ మంచానికి సరిగ్గా పైన ఉంటే మంచం జరుపుకో. వీధి కుక్కల వైపు చూడకు.

అసలు సంగతికి వస్తాను. నిన్న నా తమ్ముడు సమ్రిత్ తన ఫోను పట్టుకొచ్చి, "అక్కా, నీ మనవరాలు చూడు, ఉడుతలా ఎట్లా ఎక్కిందో" అన్నాడు. చూద్దును కదా, ఆకాశంలో రెండు కాళ్ళు వేలాడుతున్నాయి. ఆ బూట్లు నేను కొనిచ్చినవే! చేతిలో గంజి గిన్నె అక్కడే జారిపోయింది.

తోటపని శిక్షణ అని చెప్పి వెళ్ళావు కదే! తోట అంటే నేల మీద ఉండేది కాదా? నేల మీద ఎన్ని పనులు లేవు? గడ్డి పలకలు పరిచే పని ఉంది. నీటి గొట్టాలు అమర్చే పని ఉంది. కుర్చీలో కూర్చుని తోటల బొమ్మలు గీసేవాళ్ళున్నారు, వాళ్ళకు ఎండ కూడా తగలదట. పొదల్ని ఏనుగుల్లా కుందేళ్ళలా కత్తిరించే పని ఉంది, అది చేసినా నేను ఒప్పుకుంటాను, నిచ్చెన మూడో మెట్టు దాటనంతవరకు. పెద్ద దుకాణాల్లో గోడలకు మొక్కలు పెంచుతున్నారట, అది మాత్రం వద్దు. అంతెత్తు గోడకు నీళ్ళెవరు పోస్తారు, నిన్నే ఎక్కిస్తారు.

మీ తాత ఎట్లా పోయాడో నీకు తెలుసు. పట్నం హోటళ్ళకు అమ్మడానికి పెద్ద పెద్ద చెట్లను వేరుముద్దతో సహా తవ్వి తీసేవాడు. క్రేను తాడు కట్టడానికి ఎక్కి, మళ్ళీ నడిచి ఇంటికి రాలేదు. ఆ రోజు చెట్టును అడగకుండా ఎక్కాడు. మీ అమ్మ పోయాక నాకు మిగిలింది నువ్వొక్కదానివే. దిగు తల్లీ. ఈ ఉత్తరం అందేసరికి చెట్టు మీద ఉంటే, దిగి చదువు.

నీ అమ్మమ్మ


బ్యాంకాక్
జూన్ 10

అమ్మమ్మా,

నేలమీదే కూర్చుని చదివాను, నీమీద ఒట్టు. వేళకు తింటున్నాను. ఫ్యాను గోడకుంది.

తోటపని అని చెప్పింది అబద్ధం కాదు. ఇక్కడ మొదటి నెలంతా నేల మీదే చదివాం. మట్టి, వేళ్ళు, ఎరువులు, ఏ చెట్టు ఎక్కడ నాటాలి అన్నీ. తరవాత ఎవరికి ఏది నప్పితే అటు వెళ్ళారు. కొందరు నీటి పనికి, కొందరు బొమ్మలు గీసే పనికి. నేను పెద్ద చెట్లు చూసుకునే పని తీసుకున్నాను. మా ఉతాయ్ మాస్టారు దాన్ని చెట్లకు వైద్యం అంటారు. ఎండిన కొమ్మ తియ్యడం, బరువు తగ్గించడం, రోగం పట్టిందేమో తట్టి చూడడం. తాతలా ఎక్కం అమ్మమ్మా. రెండు తాళ్ళు లేనిదే మాస్టారు నేల వదలనివ్వరు. ఒకటి తెగినా ఇంకొకటి పట్టుకుంటుంది.

పట్నంలో కరెంటు తీగలకు అడ్డమని రంపం పెట్టి మొండెం మిగిల్చేవాళ్ళే తప్ప, చెట్టును చూసేవాళ్ళు లేరు. ఇప్పుడు బడులవాళ్ళు, ఆసుపత్రులవాళ్ళు మాలాంటివాళ్ళ కోసం వెతుకుతున్నారు. జూలై 15న పరీక్ష. ఎక్కి, పైన కట్టిన మనిషంత బొమ్మను తాళ్ళతో క్షేమంగా దించాలి. గెలిస్తే సర్టిఫికెట్ ఇస్తారు, పని ఇస్తారు. బాగా చేసినవాళ్ళను పై చదువుకు సింగపూర్ పంపుతారు.

మన నర్సరీ నేల యజమాని ఇళ్ళు కట్టడానికి అమ్మేస్తాడని నీకూ తెలుసు. ఆ తరవాత కుండీలు ఎక్కడ పెడతాం? నాకు వచ్చిందల్లా మొక్కలే. ఇదొక్కటే దారి, అడ్డం పడకు.

తోయ్


పదిహేనో కాలువ
జూన్ 17

తోయ్‌కి,

కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా సరే, దాచకుండా రాస్తున్నాను. నువ్వు పరీక్ష తప్పాలని చెట్టమ్మకు మొక్కుకున్నాను.

రెండు తాళ్ళని రాశావు. ఒకటి తెగితే రెండోది అన్నావు. అంటే తెగుతుందని వాళ్ళకూ తెలుసన్నమాట! ఆ మాట చదివాక నాకు అన్నం లోపలికి పోలేదు.

పొద్దున్నే స్నానం చేసి చెట్టమ్మ కొలువున్న, కాలువ గట్టు మీది తాకియెన్ చెట్టు దగ్గరికి వెళ్ళాను. ఎర్ర సోడా సీసా మూత తీసి, గొట్టం వేసి పెట్టాను. కొత్త పట్టు గుడ్డ మానుకు చుట్టాను. నువ్వు చిన్నప్పుడు లెక్కపెట్టబోయి నిద్రపోయిన ఆ రంగు గుడ్డలే, ఇప్పుడు మాను కనపడనంత మందం అయ్యాయి. మోకరించి చెప్పాను. "తల్లీ, నా మనవరాలు పరీక్ష తప్పాలి. కాలూ చెయ్యీ బాగుండి ఇంటికి రావాలి. వస్తే బంగారు అంచు దుస్తులు కట్టుకుని, డప్పు వాయిద్యాలతో, నీ ముందు నేనే నాట్యం చేస్తాను" అని.

చెట్టు కిందే పూలదండలు, లాటరీ టికెట్లు అమ్మే సమ్రిత్ అంతా విన్నాడు. "అక్కా, నీ మోకాళ్ళు చూస్తే చెట్టమ్మే చెయ్యి పట్టుకుని కూర్చోబెడుతుంది" అని నవ్వాడు. నవ్వితే నవ్వనీ. కర్ర పట్టుకునైనా ఆడతాను.

దుస్తులు కుట్టించడానికి ఇచ్చేశాను. వర్షాలు మొదలయ్యాయి. తడి కొమ్మ మీద కాలు జారుతుంది.

అమ్మమ్మ


బ్యాంకాక్
జూన్ 22

అమ్మమ్మా,

మిగతావాళ్ళ అమ్మమ్మలు పిల్లలు గెలవాలని మొక్కుకుంటారు. మా గదిలో ఉండే అమ్మాయికి వాళ్ళ నాయనమ్మ రక్షరేకు పంపింది. నీ ఉత్తరం ఆమె చూడకుండా దిండు కింద పెట్టాను.

వెళ్ళి ఆ మొక్కు వెనక్కి తీసుకో. తీసుకునేదాకా నాకు ఉత్తరం రాయకు.

తోయ్


పదిహేనో కాలువ
జూన్ 28

నా తల్లికి,

రాయకు అన్నావు, రాయకుండా ఉండలేక రాస్తున్నాను. మొక్కు వెనక్కి తీసుకునే వీలు లేదు. ఇచ్చిన మాట వెనక్కి అడిగితే చెట్టమ్మ ఎవరిమీద కోపం చూపిస్తుందో చెప్పలేం. నామీద చూపిస్తే ఫరవాలేదు, నీమీద చూపిస్తేనో?

కానీ నీ ఉత్తరం చదివాక మనసు ఆగలేదు. అందుకే ఈ పొట్లం పంపుతున్నాను. రక్షరేకు కంటే ఇది పెద్ద రక్ష. చెట్టమ్మ మాను మొదట్లో చెవుల్లాంటివి పుట్టుకొచ్చాయి, గట్టిగా, ఎర్రగా లక్క పూసినట్టు, అంచు తెల్లగా. చుట్టూ ఉన్నాయి, ఒక్కోటి నా అరచెయ్యంత. పాత గుడ్డల మడతల్లో కూడా ఉన్నాయి. చీనా మందుల కొట్లో వీటిని బలానికి అమ్ముతారు. చెట్టమ్మ నా మాట వినడానికి చెవులు మొలిపించుకుంది అంటే సమ్రిత్ కూడా నవ్వలేదు. ఎండబెట్టి పంపుతున్నాను. మరగకాచి తాగు, ఒంట్లో వణుకు పోతుంది.

చెట్టమ్మకు నీమీద బెంగ ఉన్నట్టుంది. ఈ ఏడు ఆకు పలచబడింది. రోడ్డు వైపు నేల కాస్త ఉబ్బి పగిలింది, నా చెయ్యి దూరేంత సందు. నాకది మేలే అయింది, అగరొత్తులు గుచ్చుకోవడానికి ఇసుక డబ్బా మోయనక్కరలేదు. నేను కాలువ వైపు చాప వేసుకుంటాను, అటు నీడ ఎక్కువ. మాను కాలువ మీదికి వంగి గొడుగు పట్టినట్టుంటుంది. మధ్యాహ్నం అన్నం తినగానే వెళ్ళి దీపాలవేళ దాకా అక్కడే కూర్చుంటున్నాను. బెరడు మీద లాటరీ నంబరు కనపడుతుందేమోనని మానుకు పౌడరు రుద్ది చూసే జనంతో సందడిగానే ఉంటుంది. ఒకటో తేదీ డ్రా కదా, ఇవాళ చోటే లేదు.

నువ్వు పైనుంటే నేను కింద కూర్చుని కాపు కాస్తున్నాను అనుకో.

అమ్మమ్మ


బ్యాంకాక్
జూలై 4

అమ్మమ్మా, ఇది చదవగానే చాప తీసేయ్. మిగతాది తరవాత చదువు.

నీ పొట్లం ఉతాయ్ మాస్టారికి చూపించాను. ఆయన టీ తాగుతున్నవారు గ్లాసు కింద పెట్టి, చెవిని చాకుతో కోసి చూశారు. "ఇది కొమ్మ మీద మొలిచిందా, మొదట్లోనా?" అన్నారు. మొదట్లో, చుట్టూ అన్నాను. "కింద జనం ఉంటారా?" అన్నారు. మా అమ్మమ్మ ఉంటుంది అన్నాను.

ఆ చెవులు చెట్టమ్మవి కావు. లోపల వేళ్ళను తినేసే తెగులు అది, తిని ముదిరాకే బయట చెవులై కనపడుతుంది. ఆ గుడ్డల మందం కింద ఏళ్ళ తరబడి తడి ఆరలేదు. రోడ్డు వైపు నేల ఎందుకు పగిలిందో తెలుసా? అటు వేళ్ళు పట్టు వదిలేశాయి. చెట్టు కాలువ వైపు పడుతుంది. నీ చాప వైపు, సమ్రిత్ చిన్నతాత కొట్టు వైపు. గాలే అక్కరలేదు.

చిన్నతాతకు ఫోన్ చేసి అంతా చెప్పాను. అటు ఎవరినీ రానివ్వకుండా తాడు కట్టమన్నాను. "అట్లాగేలే" అన్నారు. కట్టారా? ఒక్క ముక్క రాయి.

నామీద కోపముంటే ఇంట్లో కూర్చుని కోప్పడు. చెట్టు కింద మాత్రం వద్దు.

తోయ్


పదిహేనో కాలువ
జూలై 8

తోయ్‌కి,

సమ్రిత్ వచ్చి చెప్పినప్పుడు నమ్మలేదు. నీ ఉత్తరంలోనూ అదే వాసన. "నీ మనవరాలు చెట్టమ్మను కొట్టేయమంటున్నది అక్కా. మా కొట్టు కూడా ఎత్తేయాలట. తోటపని నేర్పుతారని పంపావు, గొడ్డలి చేతికిచ్చి పంపుతున్నారు" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. పౌడరు రుద్దుతున్న ఆడవాళ్ళు నా వైపు తిరిగి చూశారు.

మీ తాత కనీసం తెలియక చేశాడు. నువ్వు తెలిసి చెట్టమ్మ జోలికి వస్తావా? నా మొక్కు మీద కోపంతో, మొక్కు తీసుకున్న చెట్టునే లేకుండా చెయ్యాలనుకున్నావా? నేను నీకు పెట్టిన అన్నంలో ఏం తక్కువైంది?

నేను గుడికి వెళ్ళి స్వాముల వారిని తీసుకొచ్చి చెట్టుకు కాషాయం చుట్టించాను. ఇక అది దీక్ష తీసుకున్న చెట్టు, ఎవరూ గొడ్డలి వెయ్యలేరు. ఎవరైనా వస్తారేమోనని పొద్దున్నుంచే వెళ్ళి కూర్చుంటున్నాను. అన్నం కూడా అక్కడికే తీసుకెళుతున్నాను. వానొస్తే గొడుగు ఉంది.

నాకు నీ మాస్టారి ముఖం తెలియదు. ఆ చెట్టు నీడలో మా అమ్మ నాకు జడ వేసింది.

లమ్‌దువన్


బ్యాంకాక్
జూలై 12

అమ్మమ్మా,

లమ్‌దువన్ అని సంతకం పెట్టావు. అది చూసి ఏడ్చాను, తరవాతే ఉత్తరం చదివాను.

నేను చెట్టు కొట్టమనలేదు. చుట్టూ తాడు కట్టమన్నాను, అంతే. చిన్నతాతకు కొట్టు పోతుందన్న మాట ఒక్కటే వినిపించింది. తాలూకా ఆఫీసుకు ఫోన్ చేశాను. చెట్టుకు కాషాయం ఉంది కనుక వెంటనే ముట్టుకోలేం, పదహారో తేదీ లాటరీ జనం వెళ్ళాక వచ్చి చూస్తాం అన్నారు. పదహారుకు ముందురోజు అక్కడ ఎంతమంది ఉంటారో నీకు తెలుసు. పిల్లల్ని కూడా మాను మొదట్లోనే కూర్చోబెడతారు.

ఇక్కడ నేను రోజూ రెండు తాళ్ళతో, హెల్మెట్ పెట్టుకుని, తట్టి చూసిన చెట్టే ఎక్కుతున్నాను. నువ్వేమో నా గురించి భయపడి, తాడూ లేకుండా, ఊడిపోయే చెట్టు కింద అన్నం తింటున్నావు. మనిద్దరిలో ఎవరి కోసం ఎవరు మొక్కాలి?

పదిహేనున నా పరీక్ష. మాస్టారిని అడిగాను. "వెళితే ఈ జట్టులో నీ పేరు ఉండదు, తరవాతి జట్టులో చోటు ఉంటుందో లేదో మాట ఇవ్వలేను" అన్నారు. ఈ ఉత్తరం అందాక నువ్వు లేచావని ఎవరిచేతనైనా ఫోన్ చేయించు. రాకపోతే నేనే వస్తాను.

బతిమాలుతున్నాను.

తోయ్


పదిహేనో కాలువ
జూలై 20

నా తోయ్‌కి,

చెట్టమ్మ పడిపోయింది. నిన్న అన్నం వేళ. ఆకు కదలనంత ఉక్కగా ఉంది, గాలే లేదు, నువ్వు రాసినట్టే. కాలువకు అడ్డంగా పడింది. నా చాప వేసే చోట ఇప్పుడు మనిషి నడుమంత లావు కొమ్మ దిగబడి ఉంది. చూసి వచ్చి ఇంట్లో కూర్చున్నాను.

కింద ఎవరూ లేరు. ఎందుకు లేరో నీకు పూర్తిగా తెలియదు, నువ్వు వచ్చిన రోజు చెట్టు పైన ఉన్నావు. నేను చెబుతాను.

పదిహేనున నువ్వు బస్సు దిగి చెక్క సుత్తితో మాను తట్టావు కదా, డోలు మోగినట్టు మోగింది. నాకే వినపడింది, చెవిటిదానికి. అయినా నేను లేవలేదు. సమ్రిత్, "పరీక్షకు భయపడి పారిపోయి వచ్చి మాకు పాఠం చెబుతున్నావా పిల్లా?" అన్నాడు. జనం నవ్వారు. "నువ్వు నీ చెట్లు దిగు, అప్పుడు నేను నా చెట్టు కింద నుంచి లేస్తాను" అన్నాను నేను. నువ్వు తాడు విసిరి ఎక్కేశావు. "అమ్మమ్మ లేచేదాకా దిగను" అన్నావట, అది నాకు వినపడలేదు, ఎవరో చెవిలో అరిచి చెప్పారు.

నేను పైకి చూడలేకపోయాను. కళ్ళు కిందికే ఉంచుకున్నాను. అందుకే చూశాను. మాను పక్కనుంచి కనపడే రోడ్డు వైపు సందులో పొద్దున గుచ్చిన అగరొత్తులు గట్టిగా నిలబడి ఉన్నాయి కదా, నువ్వు పైకి వెళ్ళేకొద్దీ అవి ఒక్కోటే వదులై, పక్కకు ఒరిగి, లోపలికి పడిపోయాయి. నేల నోరు తెరుస్తున్నది. నీ బరువుకే, నా తోయ్ బరువుకే!

అప్పుడు లేచాను. నా మోకాళ్ళు ఎట్లా లేచాయో తెలియదు. కర్ర తీసుకుని అందరినీ బాదాను. పౌడరు డబ్బాలు కాలువలోకి తన్నాను. సమ్రిత్ వీపు మీద రెండు వేశాను. "ముసలిదానికి పూనకం వచ్చింది" అని పరిగెత్తారు, పరిగెత్తితే చాలు. నువ్వు దిగి నేల మీద కాలు పెట్టగానే నా ముఖం వైపు కూడా చూడకుండా వాంతి చేసుకున్నావు. మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోయావు. నేను పంతొమ్మిది దాకా రోడ్డు మీద కర్ర పట్టుకుని కూర్చుని, లాటరీ రోజున కూడా ఒక్కరినీ దాటనివ్వలేదు.

మాను లోపల దూడ పడుకునేంత బోలు. కొట్టు నుగ్గయింది, కానీ నాలుగు రోజుల ముందే తిట్టుకుంటూ సామాను రోడ్డవతలికి మార్చాడు సమ్రిత్. ఇప్పుడు పడిన మానుకే దండలు అమ్ముతున్నాడు. "చెట్టమ్మ పడుకున్నా చెట్టమ్మే" అంటున్నాడు. జనం దానిమీదే పౌడరు రుద్దుతున్నారు. నిన్న నా వైపు ఒక్కసారి చూసి తల వంచుకున్నాడు. అదే వాడి క్షమాపణ.

ఇక నా భయం చెబుతాను. నువ్వు పరీక్ష వదిలి వచ్చావు. కాలూ చెయ్యీ బాగుండి ఇంటికి వచ్చావు. నేను మొక్కింది మొక్కినట్టే జరిగింది. అందరూ "మొక్కు తీరింది కదా, నాట్యం ఎప్పుడు?" అని అడుగుతున్నారు. దుస్తులు కూడా వచ్చేశాయి. నా నోటితో నేను ఏం అడిగాను తల్లీ? మాస్టారు మళ్ళీ పరీక్ష పెడతారా? ఆయనకు అరటిగెల పంపనా?

అమ్మమ్మ


బ్యాంకాక్
జూలై 25

అమ్మమ్మా,

నువ్వు లేచావు. నాకు అది చాలు.

మాస్టారు మొదట తిట్టారు. "బోలని తట్టి తెలుసుకున్నాక కూడా ఎక్కినదాన్ని నేను ఏ చెట్టు మీదికీ పంపను" అన్నారు. ఆయన తిట్టింది న్యాయమే, మాకు నేర్పే మొదటి పాఠం అదే. తరవాత చెట్టు పడిన సంగతి చెప్పాను. నిన్న ఒక అవకాశం ఇచ్చారు.

మంచి చెట్టు, గట్టి నిద్రగన్నేరు చెట్టు. తట్టాను, ఏ లోపమూ లేదు. ఇంటి కప్పు ఎత్తు దాకా వెళ్ళాను. అక్కడ గాలికి కొమ్మ కొద్దిగా కదిలింది. చెట్టమ్మ మీద ఉన్నప్పుడు నా కాళ్ళ కింద మాను లోపల కిర్రుమన్న చప్పుడు, నీకు చెప్పలేదు, అదే మళ్ళీ వినిపించింది. చేతులు తాడును వదలవు, ముందుకూ పోవు. ఎంతసేపు ఉన్నానో తెలియదు. చివరికి మా జట్టు అబ్బాయి ఎక్కి నన్ను దించాడు. పదిహేనున తప్పిన వాడికీ నిన్నే మళ్ళీ పరీక్ష, బొమ్మను దించాలి. బొమ్మకు బదులు నన్ను దించాడు, వాడు గెలిచాడు.

ఆగస్టు మూడో తేదీన ఇంకోసారి ఎక్కమన్నారు మాస్టారు. వద్దన్నాను. నాలుగున ఇంటికి వస్తాను. నేల పోయేదాకా కుండీలకు నీళ్ళు పోస్తాను. తరవాత సంగతి తరవాత.

దుస్తులు వచ్చాయన్నావుగా. నాట్యం చెయ్యి అమ్మమ్మా. నీ మాట చెట్టమ్మ విన్నది.

తోయ్


పదిహేనో కాలువ
జూలై 29

నా బంగారు తల్లి తోయ్‌కి,

నీ ఉత్తరం అందిన పూట డప్పులవాళ్ళను పిలిపించాను. నువ్వే చెప్పావు కదా అని. బంగారు అంచు దుస్తులు కట్టుకున్నాను. సమ్రిత్ భార్య జడలో పూలు పెట్టి, "పెళ్ళికూతురిలా ఉన్నావు వదినా, పెళ్ళికొడుకే లేడు" అన్నది. పడిన మాను చుట్టూ జనం చేరారు. ఎర్ర సోడా పెట్టాను, అగరొత్తులు వెలిగించాను. డప్పు మొదలైంది, నాకు లీలగా వినపడింది. చేతులెత్తాను.

ఎత్తిన చేతులు అట్లాగే దించేశాను.

మొక్కు తీరినందుకు ఆడేది నాట్యం. నేను ఒక్క అడుగు వేస్తే, నువ్వు తప్పావు, నేను సంతోషించాను, లెక్క సరిపోయింది అని చెట్టమ్మతో చెప్పినట్టు. ఆ తరవాత నువ్వు ఎప్పటికీ తప్పినదానివే. నా మోకాళ్ళు ఏమైనా సరే, ఆ అడుగు నేను వెయ్యను.

అందరి ముందూ మోకరించి చెప్పాను. "తల్లీ, నేను అడిగింది నువ్వు ఇచ్చావు. నాకు వద్దు. నీకు ఇవ్వవలసింది నేను ఇవ్వడం లేదు. కోపమొస్తే నా ఇల్లు నీకు తెలుసు, నేను ఎక్కడికీ పోను. ఆ పిల్ల జోలికి వెళ్ళకు" అన్నాను. డప్పులవాళ్ళు ఆగిపోయారు. సమ్రిత్ నా చెయ్యి పట్టుకుని, "అక్కా, మొక్కు ఎగ్గొట్టినవాళ్ళు ఏమయ్యారో నీకు తెలియదా? ఆ మాట వెనక్కి తీసుకో" అని ఏడ్చాడు. వాడు ఏడవగా నేను చూడడం, మా అమ్మ పోయిన రోజు తరవాత మళ్ళీ ఇదే.

తెలియకేం? అప్పటినుంచి ప్రతిదానికీ ఉలిక్కిపడుతున్నాను. నిన్న మెట్టు మీద జారాను. వంటింట్లో పాము కనపడింది, చిన్నదే, అయినా నా కోసమే వచ్చిందనుకున్నాను. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కితే ఇదిగో మొదలైందనుకున్నాను. నిద్ర లేదు. కానీ నాట్యం చెయ్యలేదు. చెయ్యను.

ఇప్పుడు నా మాట విను. నాలుగున రాకు. మూడున ఎక్కు. ఈ మాట నా చేత్తో రాస్తున్నానని నాకే నమ్మకం లేదు. పొద్దున గంజి తాగు, ఖాళీ కడుపుతో వద్దు. చెట్టుకు దండం పెట్టి, ఎక్కుతున్నానని అడుగు. మీ తాత అడగలేదు, నువ్వు అడుగు. తరవాత మీ మాస్టారు చెప్పినట్టు చుట్టూ తట్టు. రెండూ చెయ్యి, ఒకటి చేసి ఒకటి మానకు. రెండు తాళ్ళూ లాగి చూసుకో. చేతులు వణికితే వణకనీ. నాకు పెళ్ళయిన నాటినుంచి ఏదో ఒకదానికి వణుకే, ఏ రోజైనా వంట ఆపానా?

మూడున తెల్లారగట్ల మొదటి బస్సుకు నేనూ సమ్రిత్ వస్తున్నాం. టికెట్లు వాడే తీశాడు. కింద జనం రాకుండా తాడు కడతారట కదా, మాస్టారు ఎక్కడ కూర్చోమంటే అక్కడ, తాడు ఇవతలే చాప వేసుకుంటాను. అరటిగెల తెస్తున్నాను. దుస్తులు మడిచి పెట్టెలో పెట్టాను, తేవడం లేదు.

ఎక్కేటప్పుడు కిందికి చూడకు తల్లీ. ఈసారి నేను పైకి చూస్తూ ఉంటాను.

చెట్టమ్మకు బాకీపడ్డ
నీ అమ్మమ్మ